కార్తీక పౌర్ణమికి అమ్మతో పుష్కర్: ఒంటెల సంత కూడా చూడొచ్చా?

పాల్వంచ_ఆడపడుచు:

అందరికీ నమస్కారం. మా అమ్మకి డెబ్భై దాటాయి. కాశీ, గయ, బదరీ అన్నీ అయ్యాయి. "పుష్కర్‌లో బ్రహ్మగారి దర్శనం చేసుకుని, కార్తీక పౌర్ణమికి ఆ సరోవరంలో మునిగొస్తే ఇంక నాకు ఏ కోరికా లేదు" అంటోంది. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. వాడికి ఫొటోల పిచ్చి, అక్కడి ఒంటెల సంత చూడాలని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. రెండూ ఒకేసారి జరుగుతాయని విన్నాను కాబట్టి పౌర్ణమికి ముందురోజు చేరి, మర్నాడు తిరిగి రావాలని అనుకుంటున్నాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. జనం ఎలా ఉంటారు? ఘాట్ల దగ్గర పండాలు డబ్బు కోసం ఇబ్బంది పెడతారని కొందరు అన్నారు, అదొక టెన్షన్. వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.

అజ్మీరు_టీచరమ్మ:

మావారి ఉద్యోగరీత్యా చాలా ఏళ్లు అజ్మీరులో ఉన్నాం. మనవైపు నుంచి చుట్టాలెవరు వచ్చినా పుష్కర్ తీసుకెళ్లే పని నాదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ తేదీలు మార్చుకోండి. పౌర్ణమికి వెళ్తే ఒంటెలు దొరకవు. అందరూ ఒకటే మేళా అనుకుంటారు గానీ, నిజానికి ఒకదాని వెనక ఒకటి వచ్చే రెండు మేళాలవి. దీపావళి వెళ్లిన కొద్ది రోజులకే ఊరి పడమటి వైపు ఇసుక తిన్నెల మీదికి పశువులు దిగడం మొదలవుతుంది. బేరాలు చాలావరకు ఏకాదశి లోపే తెగిపోతాయి. అమ్మినవాళ్లు డబ్బు చూసుకుని, కొన్నవాళ్లు పశువును తోలుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. ఏకాదశి నుంచి పౌర్ణమి దాకా యాత్రికుల వంతు. ఆఖరి రోజున ఇసుకలో మీ అబ్బాయికి కనిపించేవి సవారీ ఒంటెలు, జెయింట్ వీలు, వాటి చుట్టూ జనం.

కాబట్టి అష్టమికో నవమికో చేరండి. రెండు పూటలు సంత చూసి, ఏకాదశి తెల్లవారుజామున అమ్మగారిచేత స్నానం చేయించి, ద్వాదశికి బయల్దేరండి. పౌర్ణమి స్నానం తప్పిందని ఆవిడ బాధపడకుండా ఇలా చెప్పండి: ఏకాదశి నుంచి పౌర్ణమి దాకా అయిదు రోజులూ అక్కడ పంచతీర్థ స్నానాలే. మనం భీష్మ పంచకం అంటామే, అవే రోజులు. వాళ్లకి పౌర్ణమితో కార్తీకం అయిపోతుంది, అందుకే ఆ రోజు ఊరు ఊరంతా విరగబడుతుంది. మనకి అమావాస్య దాకా ఉంది. పుష్కర్‌లో ఏకాదశి స్నానం చేసుకుని, పౌర్ణమి నాటికి ఇంటికొచ్చి, భద్రాచలంలో గోదావరికి దీపం వదలొచ్చు కదా! మా అత్తగారిని ఇలాగే ఒప్పించాను. ఆవిడ చాలా తృప్తిగా వెళ్లారు.

సరోవరం చుట్టూ 52 ఘాట్లు ఉన్నాయి. మెట్లు అరిగి నున్నగా ఉంటాయి. పాలు, పూలు పడి జారుతాయి కూడా. అమ్మగారిని చివరి మెట్టు మీద కూర్చోబెట్టి చెంబుతో పోయండి, అదీ స్నానమే. చెప్పులు ఘాట్‌కి చాలా ముందే విడవాలి. స్నానాలు చేసేవాళ్లని ఫొటోలు తీయకూడదని అబ్బాయికి ముందే చెప్పి ఉంచండి. అక్కడ బోర్డులుంటాయి, అయినా కుర్రాళ్లు మరిచిపోతుంటారు.

పండాల సంగతి. అందరూ ఒకలాంటివాళ్లు కాదు. తరతరాలుగా అదే పని శ్రద్ధగా చేస్తున్న కుటుంబాలు ఉన్నాయి. కానీ దారిలో ఎదురొచ్చి చేతిలో పువ్వు పెట్టేవాళ్లతో జాగ్రత్త. సంకల్పం మధ్యలో ఆపి "ఇన్ని వేలు ఇస్తానని చెప్పండి" అంటారు. నీళ్లు చేతిలో పెట్టుకుని ఒకసారి ఆ మాట అన్నాక, ఇవ్వకపోతే పెద్దవాళ్ల మనసు పీకుతూనే ఉంటుంది. బసలో వాళ్లని అడిగి ఒక పురోహితుణ్ణి మాట్లాడుకోండి. కూర్చోకముందే దక్షిణ ఎంతో తేల్చుకోండి.

బ్రహ్మ గుడికి ఎత్తుగా మెట్లున్నాయి. ఏకాదశి నాడు స్నానాలయ్యాక క్యూ పెరిగిపోతుంది, అందుకే దశమి పొద్దున్నే దర్శనం చేసేసుకోండి. బ్యాగులు, తోలు వస్తువులు లోపలికి తీసుకెళ్లనివ్వరు. నాలుగు ముఖాల స్వామి, పక్కనే గాయత్రీ దేవి. నేల మీద పాలరాతిలో భక్తులు పొదిగించిన వెండి నాణేలు కనిపిస్తాయి, వాటిమీద పేర్లు చదువుతూ నడవొచ్చు. ప్రపంచంలో బ్రహ్మకి ఇదొక్కటే గుడి అని గైడు చెప్తాడు. మన గుంటూరు వైపు చేబ్రోలులో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉండనే ఉంది. అయినా పుష్కర్ గుడి మహిమ వేరు. ఆ ఎర్ర శిఖరం కనపడగానే మొక్కుకోవడం నాకు అలవాటైపోయింది.

సావిత్రీదేవి గుడి కొండ మీద ఉంటుంది. యజ్ఞానికి ఆవిడ రావడం ఆలస్యమై, ముహూర్తం దాటిపోతోందని బ్రహ్మ గాయత్రిని పెళ్లాడి పక్కన కూర్చోబెట్టుకున్నాడట. ఆ కోపంతో కొండెక్కిన తల్లి అక్కడే ఉండిపోయిందని చెప్తారు. 2016 నుంచి రోప్‌వే ఉంది, మోకాళ్ల నొప్పులున్నా ఫర్వాలేదు.

ప్రయాణానికి సులువైన దారి: హైదరాబాద్ నుంచి జైపూర్‌కి విమానం, అక్కణ్ణుంచి అజ్మీరుకి రైల్లో రెండు గంటలు. అజ్మీరు నుంచి నాగ్ పహాడ్ ఘాట్ రోడ్డు దాటితే పుష్కర్, పదిహేను కిలోమీటర్ల లోపే. మేళా రోజుల్లో బళ్లు ఊరి బయటే ఆపేస్తారు. అందుకని అద్దె ఎక్కువైనా ఘాట్‌కి దగ్గరగానే గది తీసుకోండి, మూడు నాలుగు నెలల ముందే. ఊళ్లో మాంసం, గుడ్లు, మందు ఉండవు కాబట్టి భోజనానికి అమ్మగారికి ఏ ఇబ్బందీ లేదు. మధ్యాహ్నం ఎండ చురుక్కుమన్నా తెల్లవారుజామున వణికిస్తుంది. శాలువా మరిచిపోకండి.

నంద్యాల_పశువైద్యుడు:

టీచరమ్మగారు చెప్పినట్టు ముందుగానే వెళ్లండి. మీ అబ్బాయికి నా తరఫున ఒక మాట: కెమెరా తీసే ముందు ఒక గంట ఊరికే కూర్చుని చూడమనండి.

నేను చూసిందే చెప్తాను. ఒక పెద్దాయన కత్తెర పట్టుకుని ఒంటె పక్కటెముకల మీద బొచ్చు కత్తిరిస్తున్నాడు. ముందు ఒక పువ్వు, దాని చుట్టూ తీగ, దాని పక్కన నెమలి. కొలత లేదు, గీత లేదు, చెయ్యి ఆగదు. ఒంటె కదిలితే చిన్నగా నాలుకతో టక్ మనిపిస్తాడు, అది నిలబడిపోతుంది. మెడలో గవ్వలు, పూసలు కుట్టిన గోర్‌బంద్, కాళ్లకి గజ్జెలు, ముక్కుకి ముకుతాడు. కొనడానికి వచ్చినవాడు ఇవేవీ చూడడు. నోరు తెరిపించి పళ్లు చూస్తాడు, కాస్త నడిపించి పాదం ఎలా పడుతోందో చూస్తాడు. మన సంతల్లో ఎద్దుల బేరం చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదు.

ఆ పెద్దాయన రైకా కులస్థుడు. పార్వతీదేవి మట్టితో ఒంటెను చేస్తే శివుడు ప్రాణం పోశాడని, దాన్ని కాయడానికే తమను పుట్టించాడని వాళ్ల నమ్మకం. ఇప్పుడు ఆ మేపే పనే కష్టమైపోయింది. 2012 పశుగణనలో రాజస్థాన్‌లో మూడు లక్షల పాతికవేల ఒంటెలు ఉంటే, 2019 నాటికి రెండు లక్షల పదమూడు వేలకి పడిపోయాయి. ట్రాక్టర్లు, జీపులు వచ్చి ఒంటెకి పని పోయింది. బీళ్లు తగ్గి మేత పోయింది. 2014లో ఒంటెను రాష్ట్ర జంతువుగా ప్రకటించారు, 2015లో వధ నిషేధిస్తూ, రాష్ట్రం దాటించడానికి ఆంక్షలు పెడుతూ చట్టం చేశారు. ఉద్దేశం మంచిదే. కానీ బయటి కొనుగోలుదారు రాకపోతే మగ ఒంటెకి ధర ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒంటె కడుపుతో ఉండేదే పదమూడు నెలలు, రెండేళ్లకో పిల్ల. గిట్టుబాటు కాని పశువును కొడుకులు ఎన్నాళ్లు మేపుతారు? ఒక పశువైద్యుడిగా నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

ఇప్పుడు సంతలో గుర్రాల జోరు ఎక్కువ. మార్వాడీ గుర్రం చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానికొకటి తాకేలా ఉంటాయి, దగ్గరగా చూడమనండి. ఒంటెపాలు దొరికితే తాగండి, కాస్త ఉప్పగా ఉంటాయి. ఆ డబ్బు కాపరి చేతికే వెళ్తుంది. ఇంకో విషయం, బయల్దేరే ముందు ఆ ఏడాది పశువుల సంత జరుగుతోందో లేదో వాకబు చేసుకోండి. 2022లో లంపీ స్కిన్ జబ్బు వల్ల పశువులు లేకుండానే మేళా జరిగింది.

సీతారాంబాగ్_వాసి:

ఒక్క చిన్న సంగతి కలుపుతాను. పుష్కర్‌లో పాత రంగ్‌జీ గుడి తప్పకుండా చూడండి. రాజస్థాన్ నడిబొడ్డున మన గాలిగోపురం కనిపిస్తుంది. 1823లో దాన్ని కట్టించింది హైదరాబాద్ సేఠ్ పూరణ్‌మల్ గనేరీవాల్. మా పేటలో సీతారాంబాగ్ గుడి కట్టించిందీ ఆయనే. బజారు హోరులోంచి ఆ ఆవరణలోకి వెళ్తే అమ్మగారికి కాసేపు కూర్చుని సేదతీరే చోటు దొరుకుతుంది.

పాల్వంచ_ఆడపడుచు:

ఎంత ఓపిగ్గా రాశారండీ అందరూ! అమ్మకి చదివి వినిపించాను. భద్రాచలం మాట వినగానే "అయితే ఏకాదశికే వెళ్దాం" అంది. మావాడు పశువైద్యుడుగారి జవాబు ఫోన్లో దాచుకున్నాడు. ఇంక రెండే సందేహాలు. అమ్మ ఏకాదశి ఉపవాసం ఉంటుంది, ఫలహారం దొరుకుతుందా? నాన్నగారికి అక్కడ పిండప్రదానం చేయించవచ్చా?

అజ్మీరు_టీచరమ్మ:

ఫలహారానికి లోటు లేదు. ఆ రోజు ఊళ్లో సగంమంది ఉపవాసమే కాబట్టి సగ్గుబియ్యం కిచిడీ, పళ్లు, పాలు, రబ్డీ అడుగడుగునా దొరుకుతాయి. పారణ అయ్యాక ద్వాదశి నాడు మాల్‌పువా తినిపించండి. నేతిలో వేయించి పాకంలో ముంచుతారు, పుష్కర్‌లో దాని రుచే రుచి.

పిండప్రదానం తప్పకుండా చేయించవచ్చు, దానికోసమే వచ్చేవాళ్లు చాలామంది. స్నానాల రద్దీ మొదలు కాకముందే, దశమి నాడు పెట్టుకోండి. మీ అబ్బాయిచేత చేయించవచ్చో, ఇంకెవరైనా రావాలో ఇక్కడే మీ పురోహితుణ్ణి అడిగి బయల్దేరండి. నాన్నగారి వైపు మూడు తరాల పేర్లు, గోత్రం ఒక కాగితం మీద హిందీలో రాయించి పెట్టుకోండి. అక్కడి పురోహితుడికి మన ఇంటిపేర్లు నోరు తిరగవు, కాగితం ఉంటే తడుముకోకుండా చదువుతాడు.