అప్‌డేట్: బిడ్డ కదలికలు తగ్గాయని అడిగింది నేనే

33వ వారంలో కదలికలు బాగా తగ్గాయి, పొద్దున్నదాకా ఆగొచ్చా అని అడిగాను కదా. ఆగొద్దన్నారు మీరంతా. ఆ రాత్రే గాజువాక నుంచి వైజాగ్‌లోని కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రి) వెళ్లిపోయాం.

పొట్టకి బెల్టులు కట్టి ఎన్‌ఎస్‌టీ (నాన్‌-స్ట్రెస్ టెస్ట్) తీశారు. బిడ్డ కదిలినప్పుడు గుండె వేగం పెరుగుతోందా అని చూస్తారట. పెరిగింది, అమ్మయ్య! స్కాన్‌లో ఉమ్మనీరూ సరిపడా ఉంది. మాయ (ప్లాసెంటా) ముందువైపు ఉంది కాబట్టి తన్నులు నాకు సరిగా తెలియకపోవచ్చన్నారు. అయినా తగ్గినట్టనిపిస్తే రావాల్సిందేనట.

నెలలు నిండేకొద్దీ కదలికలు తగ్గుతాయని మా అత్తగారి నమ్మకం. అది నిజం కాదని డాక్టరమ్మ ఆవిడ ముందే గట్టిగా చెప్పారు, మంచిదైంది.

ఇప్పుడు రోజూ భోంచేశాక ఎడమవైపు తిరిగి పడుకుని లెక్కపెడుతున్నా. 2 గంటల్లో 10 కదలికలు రాకపోయినా, రోజూ ఉండే తీరు మారినా వెంటనే రమ్మన్నారు, ఎన్నిసార్లయినా సరే. ఆ రాత్రి కదిలించిన అక్కలందరికీ దండాలు.