ప్రొడక్షన్ (జనం వాడుతున్న) సర్వర్‌లో డేటాబేస్ డ్రైవర్ ట్రేసింగ్ ఆన్ చేయొచ్చా?

మిర్యాలగూడ_జావా:
మాది రైస్ మిల్లుల కాటా చిట్టీల అప్లికేషన్. సర్వర్ టామ్‌క్యాట్, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, మధ్యలో దాని కనెక్షన్లు సిద్ధంగా ఉంచి అరువిచ్చే హికారి పూల్. కోతల సీజన్ కదా, మధ్యాహ్నం లోడ్లు పెరగ్గానే కనెక్షన్ దొరక్క 30000 మిల్లీసెకన్లకు టైమౌట్ అవుతోంది. చిట్టీ రాక ట్రాక్టర్లు కాటా దగ్గరే ఆగిపోతున్నాయి, రైతులు గరమవుతున్నారు. జేడీబీసీ డ్రైవర్ (జావా కోడ్‌ను డేటాబేస్‌తో కలిపేది) చేసే ప్రతి పనీ లాగ్‌లో రాసే ట్రేస్ పెడదామంటే మా సీనియర్ ససేమిరా అంటున్నారు. మీరేమంటారు?

పాలమూరు_డీబీఏ:
ఆయన అన్నదే కరెక్టు తమ్మీ. లాగర్‌ను అన్నీ రాసే ఫైనెస్ట్ లెవెల్‌లో పెడితే డ్రైవర్ ప్రతి బైండ్ విలువనూ, అంటే క్వెరీలో మనం నింపే డేటానూ, రాసేస్తుంది. రైతు ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు మామూలు టెక్స్ట్ ఫైల్లో పడతాయి. ఆ ఫైలు ఎవరెవరి లాప్‌టాప్‌లకు పోతుందో ఎవరు చూస్తారు?

దేవరకొండ_బ్యాకెండ్:
అట్లని మొత్తానికే వద్దంటే ఎట్లా అన్నా? మా దగ్గర బిగ్‌ఇంట్ (పూర్ణ సంఖ్యల) కాలమ్‌కు కోడ్ బిగ్‌డెసిమల్ (దశాంశ సంఖ్య) పంపేది. టైప్ కలవక డేటాబేస్ ఇండెక్స్ వాడకుండా టేబుల్ మొత్తం చదివేది. అదే క్వెరీ చేత్తో రన్ చేస్తే క్షణంలో వచ్చేది. ట్రేస్‌లో బైండ్ లైన్‌లో టైప్ న్యూమరిక్ (దశాంశం) అని చూశాకే గుట్టు దొరికింది. ఒక్క నోడ్‌లో, పది నిమిషాలు, వేరే ఫైలుకు పెట్టి తీసేయొచ్చు. కనెక్షన్ యూఆర్‌ఎల్‌లో లాగర్‌లెవెల్, లాగర్‌ఫైల్ రాయమనే పాత పోస్టులు మాత్రం నమ్మొద్దు. సెక్యూరిటీ లోపం బయటపడ్డాక 2022లో, 42.3.3 వెర్షన్ నుంచి అవి పనిచేయవు. ఇప్పుడు జావా లాగింగ్‌లోనే లెవెల్ మార్చాలి.

పాలమూరు_డీబీఏ:
టైప్ తేడా ఆటో ఎక్స్‌ప్లెయిన్ (నెమ్మది క్వెరీ ఎట్లా నడిచిందో పోస్ట్‌గ్రెస్ లాగ్‌లో రాసేది) ప్లాన్‌లోనూ కనబడుతుంది. కానీ ఈ తమ్ముడి బాధ వేరు. పూల్ దగ్గర కనెక్షన్ కోసం ఆగిన థ్రెడ్ (ఒక రిక్వెస్ట్‌ను నడిపేది) డ్రైవర్ దాకా పోనేలేదు. ఆ 30 సెకన్లు డ్రైవర్ ట్రేస్‌లో ఎక్కడ వెతికినా దొరకవు. కనెక్షన్ పట్టుకుని కూర్చున్నదెవరో తెలియాలి. హికారిలో లీక్‌డిటెక్షన్‌థ్రెషోల్డ్ 20000 మిల్లీసెకన్లు పెట్టు, అప్పటిదాకా కనెక్షన్ తిరిగివ్వని థ్రెడ్ స్టాక్ ట్రేస్ (ఏ మెథడ్ల దారిలో కనెక్షన్ తీసుకుందో చూపేది) లాగ్‌లో పడుతుంది. అదే టైంలో, ఏ సెషన్ ఏం చేస్తోందో చూపే పోస్ట్‌గ్రెస్ పీజీ_స్టాట్_యాక్టివిటీలో 'ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్' (ట్రాన్సాక్షన్ తెరిచి ఊరికే ఉన్న) సెషన్లు చూడు.

మిర్యాలగూడ_జావా:
పెట్టి చూశానన్నా. పూల్‌లో ఉన్న పది కనెక్షన్లలో చాలావరకు ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షనే. స్టాక్‌లో మా ఎస్సెమ్మెస్ మెథడ్ కనబడింది. కమిట్ (మార్పులు ఖాయం చేసి ట్రాన్సాక్షన్ ముగించడం) కాకముందే ఎస్సెమ్మెస్ పంపే గేట్‌వే జవాబు కోసం ఆగుతోంది. దాన్ని కమిట్ తర్వాతకు జరుపుతున్నాం.

దేవరకొండ_బ్యాకెండ్:
ఈ కేసుకు అన్న చెప్పిందే దారి. కానీ టెస్ట్ సర్వర్‌లో రాని తప్పుకు ప్రొడక్షన్ ట్రేస్ తప్పదు. ఫైలు ఎవరు తెరుస్తారు, ఎప్పుడు తుడిచేస్తారు అన్నది ముందే రాసిపెట్టుకుంటే సరిపోతుంది.

పాలమూరు_డీబీఏ:
విలువలు దాచకుండా అయితే నేను ఒప్పుకోను. ఖాతా నంబరు ఒక్కసారి ఆ ఫైల్లో పడితే రాత్రి బ్యాకప్‌లోకీ పోతుంది. అక్కడ తుడిచేదెవరు?