వాలరెంట్‌లో మనవాళ్లతోనే ఐదుకి ఐదు: తొడగొట్టడాలు ఎక్కడిదాకా?

ఎకో_రాయుడు:
వాలరెంట్ (ఐదుగురు ఐదుగురు టీములుగా ఆడే ఆన్‌లైన్ గన్ల ఆట) ఆడేది పది మందిమి, రెండు బ్యాచులు. హాస్టల్ వాళ్లొక వైపు, ఆఫీసు వాళ్లొక వైపు. శనివారం రాత్రి కస్టమ్ మ్యాచ్. నిజం చెప్పాలంటే ఆట కంటే మధ్యలో వేసుకునే కౌంటర్ల కోసమే అందరూ లాగిన్ అవుతున్నారు. చిక్కేంటంటే పార్టీ వాయిస్‌లో అవతలివాళ్ల కాల్స్ కూడా వినపడిపోతున్నాయి. చచ్చినవాడు ఆల్ చాట్‌లో (రెండు టీములకీ కనపడే చాట్) పంచులు కొడుతుంటే ఇక్కడ ఒక్కడే మిగిలి క్లచ్ ఆడేవాడికి ఒళ్లు మండుతోంది. ఇక బిర్యానీ పందెం ఓడినోళ్లు "పింగ్ (నెట్ ఆలస్యం) బాలేదు, టీములు సరిగ్గా పంచలేదు" అని ఎగ్గొడుతున్నారు. సెట్టింగ్స్ నుంచి రూల్స్ దాకా తెలిసినవాళ్లు చెప్పండి. టీజింగ్ మానేయమని మాత్రం చెప్పొద్దు.

స్మోక్_మామ:
ముందు వాయిస్. కస్టమ్ లాబీలో పది మందీ ఒకే పార్టీ కింద లెక్క, అందుకే ఆ గోల. సెట్టింగ్స్‌లో ఆడియో, అందులో వాయిస్ చాట్‌కి వెళ్లి పార్టీ వాయిస్ ఆపేయండి, టీమ్ వాయిస్ ఒక్కటే ఉంచండి. మార్చకపోతే టీమ్‌ది 'వీ' కీ, పార్టీది 'యూ' కీ. అలవాటులో 'యూ' నొక్కేవాడు ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు. వాడు వేసే ప్లానంతా అవతలివాళ్లకి లైవ్ కామెంటరీ. డిస్కార్డ్ అయితే ఇంకా నయం. ఐదుగురి లిమిట్‌తో రెండు వాయిస్ రూములు, మ్యాచ్ అయ్యాక అందరూ కలిసి కొట్టుకోడానికి మూడోది. మ్యాచ్ జరుగుతుండగా ఎవరూ స్క్రీన్ స్ట్రీమ్ పెట్టకూడదు. గోస్టింగ్ (అవతలివాళ్ల స్క్రీన్ దొంగచాటుగా చూసి ఆడటం) గొడవలు సగం అక్కడే పుడతాయి.

లాబీలో మోడ్ స్టాండర్డ్, సర్వర్ ముంబై, చీట్స్ ఆఫ్, ఓవర్‌టైమ్‌లో విన్ బై టూ (రెండు రౌండ్ల తేడాతో గెలవాలి) ఆన్. 'ప్లే అవుట్ ఆల్ రౌండ్స్' ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి. అది ఆన్‌లో ఉంటే ఎవరు 13 రౌండ్లు గెలిచేసినా 24 రౌండ్లూ సాగుతాయి. 13-2తో ఓడినవాణ్ని ఇంకో తొమ్మిది రౌండ్లు కూర్చోబెట్టడం టీజింగ్ కాదు, శిక్ష. మ్యాచ్ హిస్టరీ దాచే ఆప్షన్ కూడా ముట్టుకోవద్దు, రేపు పందెం దగ్గర సాక్ష్యం అదే. అబ్జర్వర్‌గా కూర్చునేవాడికి రెండు వైపులా కనపడుతుంది కాబట్టి ఏ బ్యాచ్‌కీ చెందనివాణ్నే పెట్టండి, లేదంటే అసలు వద్దు.

టీములు పంచడానికి ఇద్దరు కెప్టెన్లు, మిగిలిన ఎనిమిది మందిని ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి వరసలో ఎంచుకోవాలి. మొదటివాడు ఒకణ్ని తీసుకుంటే రెండోవాడు ఇద్దర్ని తీసుకుంటాడు, అలా. బ్యాచ్ పట్టింపు ఉండి కలవడానికి ఒప్పుకోకపోతే మ్యాపుల దగ్గర సర్దుకోండి. ఏడు మ్యాపులు రాసుకుని, ఒకరి తర్వాత ఒకరు తలా మూడు కొట్టేస్తే ఒకటి మిగులుతుంది. చివరి బ్యాన్ ఎవరిదో వాళ్లకి కాకుండా అవతలి టీమ్‌కి సైడ్ ఎంచుకునే హక్కు. ఇక టీములు సరిగ్గా లేవనే మాట ఎవడి నోటా రాదు.

పింగ్ సాకుకి మందు ట్యాబ్ కీ. స్కోర్‌బోర్డ్‌లో అందరి పింగూ కనిపిస్తుంది. మొదటి రౌండ్‌లోనే స్క్రీన్‌షాట్ తీసి గ్రూప్‌లో పడేయండి. 35 పింగ్ పెట్టుకుని లాగ్ అన్నాడంటే ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే.

గోడమీద_సేజ్:
సెట్టింగ్స్ మామ చెప్పేశాడు కాబట్టి నోటి సంగతి నేను చెప్తా.

కౌంటర్ వెయ్యాల్సింది బై ఫేజ్‌లో (రౌండ్ ముందు గన్లు కొనే టైమ్). 30 సెకన్లు ఉంటాయి, కొనుక్కుని ఒక లైన్ టైప్ చెయ్యడానికి చాలు. ఆల్ చాట్‌కి షిఫ్ట్ పట్టుకుని ఎంటర్. షిఫ్ట్ మర్చిపోతే మన టీమ్‌లోనే పడుతుంది, అది పరువు తక్కువ. తిరగేసి జరిగితే ఇంకా ఘోరం: "బీ రష్, స్మోక్ రాగానే" అని ఆల్‌లో పెట్టినవాడు ఇక ఆ రాత్రి ఎవరి మీదా నోరెత్తలేడు. పంపేముందు ఎదురుగా 'టీమ్' అనుందో 'ఆల్' అనుందో ఒకసారి చూసుకోండి. రౌండ్ నడుస్తుంటే చాట్ తెరవొద్దు. తెరిచినంతసేపూ కీలు చాట్‌కే పోతాయి, మనిషి కదలడు. సగం లైన్ రాసి చచ్చినవాడి మీద వేసే కౌంటర్‌కి ఏ కౌంటరూ సరిపోదు.

లైన్ బాగా తగలాలంటే అందులో ఆ రౌండ్ ఉండాలి. "నూబ్", "ఈజీ", "జెట్ డిఫ్" (మా జెట్ మీ జెట్ కంటే మేలు అని) ప్రపంచమంతా కొట్టేవే, ఎవడూ గుర్తుపెట్టుకోడు. ఆపరేటర్ (స్నైపర్ గన్) కొని మూడు బుల్లెట్లు మిస్సయినవాడితో "4700 పోసి గోడకి సున్నం కొట్టించావా?" అనండి. స్పైక్ (బాంబు) సగం డిఫ్యూజ్ చేసి పారిపోయినవాడితో "మిగతాది ఈఎంఐలో కడతావా?" ప్రతి రౌండూ గన్ సేవ్ చేసేవాడితో "ఆ వాండల్‌ని ఎఫ్‌డీ వేస్తున్నావా ఏంటి?" స్పైక్ ఏ సైట్‌లో పెట్టాక కూడా బీ సైట్‌లోనే నిలబడ్డవాడితో "వాచ్‌మన్ అన్నా, జీతం నెలాఖరుకి వేస్తాం."

ఏది అనకూడదో తేల్చుకోడానికి ఒకటే కొలత. వాడు వచ్చే రౌండ్‌లో దాన్ని సరిచేసుకోగలడా? క్రాస్‌హెయిర్ (గురి గుర్తు) నేల మీద ఉందంటే ఎత్తుకుంటాడు. యాస, ఊరు, కులం, ఉద్యోగం, అమ్మాయి గొంతు ఎత్తితే దాన్ని ఎలా సరిచేసుకుంటాడు? శ్రీకాకుళం యాస మీదో వరంగల్ యాస మీదో మొదటి జోక్‌కి అందరూ నవ్వుతారు, మూడోదానికి ఒకడు లాబీ వదిలేస్తాడు. అమ్మానాన్నల జోలికి అసలు పోవద్దు.

హెడ్‌షాట్_బుజ్జి:
అందరూ ఆల్ చాట్ అంటున్నారు గానీ నేనైతే వద్దంటా. మ్యాచ్‌లో జీఎల్ హెచ్ఎఫ్ (గుడ్ లక్, హ్యావ్ ఫన్), జీజీ (గుడ్ గేమ్) తప్ప ఇంకేమీ వద్దు. మిగతా లెక్కలన్నీ డిస్కార్డ్ మూడో రూమ్‌లో తేల్చుకోండి. టైప్ చేసిన మాటకి గొంతు ఉండదు, నవ్వుతూ అన్నావో కోపంతో అన్నావో తెలీదు. అంతగా చెయ్యి దురద పెడితే 'టీ' కీ ఉంది కదా, శవం పక్కన స్ప్రే కొట్టండి. కత్తితో వెనకనుంచి రైట్ క్లిక్ ఇస్తే 150 డ్యామేజ్. హెవీ షీల్డ్ వేసుకున్నవాడు కూడా ఒక్క పోటుకి పడతాడు. దాన్ని మించిన కౌంటర్ ఏ భాషలోనూ లేదు.

స్మోక్_మామ:
బుజ్జీ, కత్తి తీసుకుని వెనకనుంచి వెళ్లాలంటే ముందు మ్యాప్‌లో వెనక వైపు ఏదో తెలియాలి 😄

ఒకటి మర్చిపోయా. రెచ్చగొట్టడం వల్ల ఆటలో నిజంగా లాభం ఉంది, అది క్రెడిట్ల (గన్లు కొనే ఆట డబ్బు) దగ్గర. పిస్టల్ రౌండ్ (మొదటి రౌండ్) ఓడినవాడికి 1900 వస్తాయి. ఏమీ కొనకుండా రెండోది కూడా వదిలేస్తే ఇంకో 2400, మొత్తం 4300. మూడో రౌండ్‌లో వాండల్ 2900, హెవీ షీల్డ్ 1000, ఇంకా 400 మిగులుతాయి. కానీ పిస్టల్ అయ్యీ అవ్వగానే "భయపడి దాక్కుంటారా?" అని ఒక్క మాట వేస్తే చాలామంది ఆగలేరు. స్పెక్టర్ గన్ 1600 పెట్టి కొనేస్తారు. ఆ రౌండ్ ఓడితే మూడోదానికి చేతిలో ఉండేది ఇంచుమించు 2700, అంటే వాండల్ కూడా రాదు. ఒక్క మాటతో రెండు రౌండ్లు. అదే మాట మీ మీద పడితే మైక్ మ్యూట్ చేసి క్లాసిక్‌తోనే (ఊరికే వచ్చే పిస్టల్) వెళ్లండి.

ఎకో_రాయుడు:
మామా, ఆ 1900కి స్పెక్టర్ కొనేది నేనే అని ఎవరు చెప్పారు నీకు? 😭
ఇంకొకటి. మా బావ డాలస్‌లో ఉంటాడు, వాడూ వస్తానంటున్నాడు. కుదురుతుందా?

గోడమీద_సేజ్:
అమెరికాలో తెరిచిన అకౌంట్ ఆ రీజియన్‌కే కట్టుబడి ఉంటుంది, మీ లాబీలోకి రాలేడు. ఆసియా పసిఫిక్ రీజియన్‌లో వేరే అకౌంట్ ఉండాలి. ఉన్నా ముంబై సర్వర్‌కి అక్కణ్నుంచి పింగ్ 200 దాటుతుంది. మూల పట్టుకుని ఎదురుచూస్తే వాడికి మనిషి కనపడేలోపే చచ్చిపోతాడు. అందుకని ఆపరేటర్ ఇవ్వొద్దు, ఓమెన్‌నో బ్రిమ్‌స్టోన్‌నో (పొగ వేసే పాత్రలు) ఇచ్చి వెనకుండి స్మోకులు వెయ్యమనండి. వాడొక్కడికి మాత్రం పింగ్ సాకు చెల్లుతుంది. ఆ మాట పందెం కట్టేముందే గ్రూప్‌లో రాసిపెట్టుకోండి.

హెడ్‌షాట్_బుజ్జి:
రాయుడూ, బావగారొస్తే నీకు మంచిదేలే. స్కోర్‌బోర్డ్‌లో చివరి స్థానం ఇన్నాళ్లకి ఖాళీ అవుతుంది.