చర్చ: 1969 కార్వెట్‌కి పాత కాలిపర్లే ఉంచాలా, మొత్తం పీకి కొత్త కిట్ వేయాలా?

షార్లెట్ చందు:
నాది 1969 కార్వెట్ కారు, 350 ఇంజిన్, పవర్ బ్రేకులు. నాలుగు చక్రాలకీ ఫ్యాక్టరీ డిస్కులే. చలికాలమంతా గ్యారేజీలో పెట్టి మార్చిలో బయటికి తీస్తే పెడల్ మెత్తగా దిగిపోయింది. నాలుగు కాలిపర్లూ (పిస్టన్లతో ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగాలు) తడిమి చూశాను, ఎక్కడా చెమ్మ లేదు. మాస్టర్ సిలిండర్‌లో బ్రేక్ ఆయిల్ తగ్గలేదు. ఆ ఆయిల్‌లో చేరిన ఎయిర్ తీస్తే రెండు వారాలు బాగుంటుంది, మళ్ళీ మొదటికే వస్తుంది. ఇక్కడి షాపువాడు "ఇవి తీసి పారెయ్, ఆరు పిస్టన్ల అల్యూమినియం కిట్ వేద్దాం" అంటున్నాడు. మా ఆవిడేమో "కొనడానికి ఒక రేటు, ఆపడానికి ఇంకో రేటా?" అంటోంది. ఏం చెయ్యమంటారు?

కరీంనగర్ టు కేటీ:
ఇంక ఆలోచన ఎందుకన్నా, కిట్ ఏసెయ్. నా 71కి 13 అంగుళాల డిస్కులు, ఆరు పిస్టన్లు ఏపిచ్చిన. రెండేండ్లాయె, ఒక్కపారి గూడ గాలి పట్టలే. యాభై ఏండ్ల కింది డిజైన్ పట్టుకొని యాలాడుడు ఎందుకు?

మిషిగన్ మాస్టారు:
కేటీ తమ్ముడూ, నీ చక్రాలు ఎన్ని అంగుళాలో కూడా చెప్పు మరి. 13 అంగుళాల డిస్కు పట్టాలంటే 17 అంగుళాల చక్రం కావాలి. చందు గారి బండికి ఫ్యాక్టరీ ఇచ్చింది 15. అంటే చక్రాలు మార్చాలి, టైర్లు మార్చాలి, ముందూ వెనకా బ్రేక్ ప్రెషర్ సరిచూసుకోవాలి. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని తెచ్చిన సన్యాసి చివరికి ఆవును కట్టేసుకున్నట్టు అవుతుంది.

చందు గారూ, ముందు ఒక్క ప్రశ్న. లీకు లేకుండా గాలి ఎలా చేరుతోంది? మన ఊళ్ళో సైకిల్ పంపు విప్పి చూశారా ఎప్పుడైనా? లోపల గిన్నెలా తోలు వాషర్ ఉంటుంది. కిందికి నొక్కితే గోడకి బిగుసుకుంటుంది, పైకి లాగితే పక్కనుంచి గాలిని రానిస్తుంది. మీ కాలిపర్‌లో పిస్టన్ వెనక ఉన్న లిప్ సీల్ కూడా అదే జాతి. పెడల్ తొక్కినప్పుడు ఆయిల్ ప్రెషర్ దాని అంచుని గోడకి అదిమి పెడుతుంది. తొక్కనప్పుడు ఆ పట్టు ఉండదు. పైగా పిస్టన్ల వెనక చిన్న స్ప్రింగులున్నాయి, ప్యాడ్లని డిస్కుకి ఎప్పుడూ ఆనించి ఉంచడానికి.

ఇప్పుడు డిస్కు కొంచెం వంకరగా తిరిగిందనుకోండి. అది పిస్టన్‌ని లోపలికి తోస్తుంది, స్ప్రింగు మళ్ళీ బయటికి తోస్తుంది. గంటకి 60 మైళ్ళ వేగంలో ఇది నిమిషానికి దాదాపు 750 సార్లు. ఆయిల్ బయటికి రాదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. అంటే మీరు గాలి పంపు ఒకటి నడుపుతున్నారు. కాలిపర్ మీద చెయ్యి వేసే ముందు డయల్ గేజ్ (ముల్లుతో సన్న తేడాలు చూపే కొలత పరికరం) పెట్టి డిస్కు వంకర కొలవండి. ఫ్యాక్టరీ 5 థౌల దాకా (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఒప్పుకుంది. నేనైతే 3 దాటితే ఊరుకోను.

ఓబులేసు, ఫ్రీమాంట్:
మాస్టారూ, మీరు చెప్పింది నిజమే, కానీ అందరికీ గేజ్ పట్టుకునే ఓపిక ఉంటుందా? లిప్ బదులు గుండ్రటి రబ్బరు రింగు, అంటే ఓ-రింగ్ సీళ్ళున్న కాలిపర్లు దొరుకుతున్నాయి. పైనుంచి చూస్తే తేడా తెలీదు, 15 చక్రం లోపలే పడతాయి. కొద్దిపాటి వంకరని అవి లెక్కచెయ్యవు. నా 76 నెలకోసారి కదిలితే గొప్ప. లిప్ సీళ్ళతో నాలుగేళ్ళు ఏడ్చి, ఓ-రింగుకి మారాక ఏడుపు ఆగింది.

మిషిగన్ మాస్టారు:
ఏడుపు ఆగింది, రోగం ఆగలేదు. వంకర డిస్కు ఓ-రింగ్ కాలిపర్‌లో కూడా ప్యాడ్లని వెనక్కి కొడుతూనే ఉంటుంది. గాలి పట్టదు కాబట్టి మీకు తెలియట్లేదు, అంతే. బేరింగ్ అరిగినా అదే వంకర కనపడుతుంది. రేపు ఆ బేరింగ్ చెప్పాల్సిన మాటని మీ ఓ-రింగ్ నొక్కేస్తుంది.

ఓబులేసు, ఫ్రీమాంట్:
బేరింగ్‌ని విడిగా చూసుకోలేమా ఏంటి, దాని మాట వినడానికి బ్రేకు పాడవ్వాలా? ఇది మాత్రం ఒప్పుకోను.

డేటన్ దొర:
మధ్యలో నా మాట. ఇనప కాలిపర్ లోపలి గోడ తుప్పుకి గుంటలు పడుతుంది, ఆ గుంటలు సీలు అంచుని కోస్తాయి. అందుకే స్టెయిన్‌లెస్ స్లీవ్ (లోపలి గొట్టం) వేసినవే తీసుకోండి. ఆయిల్ కూడా సిలికాన్ రకం, డాట్ 5 పోయండి. నీరు పీల్చదు, పెయింట్ తినదు. అమెరికా సైన్యం నిల్వ బళ్ళకి అదే పోసింది.

మిషిగన్ మాస్టారు:
స్లీవ్ మాటకి సరే. డాట్ 5 దగ్గర ఆగండి. అది నీరు పీల్చదు, నిజమే. చేరిన నీరు మాత్రం ఎక్కడికి పోతుంది? బొట్టుగా కిందికి దిగి కాలిపర్‌లోనే కూర్చుంటుంది. పైగా అందులో చిన్న బుడగలు తేలిగ్గా వదలవు. ఇప్పటికే గాలితో వేగుతున్న మనిషికి అది అంటగట్టకండి. డాట్ 3 గానీ 4 గానీ పోసి రెండేళ్ళకోసారి మార్చండి. ఎయిర్ తీసేటప్పుడు వెనక కాలిపర్‌కి బ్లీడర్లు (గాలి వదిలే మరలు) రెండు, లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి. చాలామంది ఒకటే విప్పి మానేస్తారు.

కరీంనగర్ టు కేటీ:
గింత కథ ఉంటదని తెలిస్తే నేను సైకిలే కొనేటోణ్ణి.

షార్లెట్ చందు:
కొలిచాను. డిస్కుకి ఐదు నట్లూ బిగించి, గేజ్ ఆనించి, చేత్తో తిప్పాను. మూడు చక్రాలు 3, 4 థౌలలో ఉన్నాయి. ఎడమ వెనకది 9! ఫ్యాక్టరీలో డిస్కుని హబ్‌కి (చక్రం బిగించే ఇరుసు ముఖానికి) రివిట్లు కొట్టి, రెండూ కలిపి చెక్కేవాళ్ళట. నాకు అమ్మినాయన దగ్గర ఎవరో రివిట్లు డ్రిల్ చేసి కొత్త డిస్కు ఉత్తినే తగిలించారు. హబ్ ముఖం మీద తుప్పు అలాగే ఉంది. గీకి తుడిస్తే 7కి దిగింది. డిస్కుని ఒక బోల్టు అవతలికి తిప్పి పెడితే 4. అయితే ఇప్పుడు పార్కింగ్ బ్రేక్ సర్దే కన్నం హబ్ కన్నానికి ఎదురుగా రావట్లేదు.

ఓబులేసు, ఫ్రీమాంట్:
చూశారా, ఇంత తంటా.

మిషిగన్ మాస్టారు:
కన్నం కలిసే చోటికి తిప్పేసి, గేజ్ తక్కువ చూపిన వైపు డిస్కుకీ హబ్‌కీ మధ్య షిమ్ (పల్చటి రేకు) పెట్టండి. 2 థౌల షిమ్‌తో మొదలుపెట్టి మళ్ళీ కొలవండి. ఆ వెనక కాలిపర్ ఒక్కటి మాత్రం స్లీవ్ వేసింది మార్చండి, 9 థౌల దెబ్బలు తిన్న సీలుని నమ్మలేం. ఇదే కాలిపర్ 1965 నుంచి 1982 దాకా నడిచింది, విడిభాగాలకి కరువేం లేదు.

షార్లెట్ చందు:
షిమ్ పెట్టాక 3. కాలిపర్ ఆర్డర్ చేశాను. మాస్టారూ కోప్పడకండి, ఆ ఒక్కదానికి ఓ-రింగే తీసుకున్నాను.

మిషిగన్ మాస్టారు:
ఒకవైపు లిప్పు, ఒకవైపు ఓ-రింగా! వెనక రెండూ ఒకటే రకం పెట్టండి బాబూ.

కరీంనగర్ టు కేటీ:
అన్నా, ఆ డయల్ గేజ్ యాడ కొన్నవ్? ఊకెనే అడుగుతున్న.