ఎర్రచెల్కలో ఏటా ఒకే చోట గట్టు తెగుతోంది, ఏం చేయాలి?

పల్లిచేను:
మహబూబ్‌నగర్ వైపు ఎర్రచెల్క, మూడెకరాలు, పల్లి వేస్తాం. వంద అడుగులకు మూడడుగుల వాలు. చేను నడుమ మోకాలి లోతు కోత పడి ఏటా పైకి పాకుతోంది. అడ్డంగా పోసిన గట్టు పెద్ద వాన పడితే చాలు, అక్కడే తెగుతోంది. ఇంకా ఎత్తు పెంచాలా?

గట్టుమీద:
ఎత్తు పెంచి లాభం లేదన్నా. అక్కడ నేల పల్లం, నీళ్లన్నీ అక్కడికే చేరుతున్నాయి. కంటి అంచనాతో పోసిన గట్లకు ఇదే జబ్బు. మేస్త్రీల లెవెల్ పైపుతో సమమట్టం గుర్తులు పెట్టి, ఆ గీత మీదే పోయండి. మీ వాలుకు గట్టుకూ గట్టుకూ నడుమ 30 మీటర్లు. గట్టు వెడల్పు అడుగున 7 అడుగులు, పైన ఒకటిన్నర, ఎత్తు 2. కొత్త మట్టి దిగుతుంది, మూడంగుళాలు ఎక్కువే పోయాలి. చివరన, గట్టు నెత్తి కన్నా అడుగు కిందికి, రాళ్లు పరిచిన అలుగు తప్పనిసరి. అది లేకే నీళ్లు గట్టు మీంచి పొర్లి కోసేస్తున్నాయి.

తొలకరి:
గట్టు కన్నా ముందు చినుకు సంగతి చూడాలి. చినుకు దెబ్బకు పెళ్లలు చితికి, మెత్తటి మట్టి నేల రంధ్రాల్లో కూరుకుంటుంది. ఎండ కాశాక గోటితో లేపండి, పైపొర అట్టలా ఊడొస్తుంది. దాని మీద నీరు ఇంకదు, పారుతుంది. వాలు వెంట దున్నితే ప్రతి చాలూ కాలువే. వేగం రెట్టింపైతే కోసే బలం నాలుగింతలు. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు పోయినా సుమారు 6 టన్నులు, అదీ సత్తువున్న పైమట్టి! కాబట్టి వాలుకు అడ్డం దున్నండి, అడ్డమే విత్తండి.

పల్లిచేను:
పడిన కోతను మట్టితో పూడ్చొచ్చా?

రాతికట్టు:
వద్దు, వదులు మట్టి మొదటి వానకే పోతుంది. కోతకు అడ్డంగా రాతికట్టలు వేయండి. కింది కట్ట నెత్తి, పై కట్ట పాదం ఒకే మట్టంలో ఉండేలా దూరం చూసుకోండి. పునాది అడుగు లోతు, రెండు ఒడ్డుల్లోకి అడుగున్నర చొప్పున దూర్చాలి. నడుమ భాగం పక్కలకన్నా అర అడుగు పల్లంగా ఉండాలి. చాలామంది నడుమ ఎత్తుగా పేరుస్తారు, నీరు ఒడ్డు కోసుకుని పక్కనుంచి పోతుంది. నీళ్లు దూకే చోట కూడా రాళ్లు పరచాలి.

పైకి పాకేది కోత తల దగ్గరి నిలువు అంచు. నీరు అక్కణ్నుంచి దూకి పాదం తొలిస్తే పైమట్టి విరిగిపడుతుంది. ఆ అంచును వాలుగా చెక్కి రాళ్లు పరవండి. దానికి పైన అడ్డంగా వట్టివేరు, మొక్కకూ మొక్కకూ అర అడుగు దూరంలో, రెండు మంచి వానలు పడ్డాక నాటండి.