బాప్తిస్మం అయ్యాక ఏం చేస్తున్నారు? కొత్తవాళ్ళని శిష్యులుగా, తర్వాత నేర్పేవాళ్ళుగా తయారుచేయడం (చర్చ)

బెరయ_విద్యార్థి
అందరికీ వందనాలు. మా సంఘంలో ఆదివారం నూట ఇరవై మంది దాకా ఉంటారు. ఈస్టర్‌కి 14 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నలుగురు పెద్దవయసు అమ్మలు, చదువు రాదు. ముగ్గురు షిఫ్టు డ్యూటీలవాళ్ళు. మిగతావాళ్ళంతా కాలేజీ పిల్లలు. పాస్టరు అయ్యగారు ఈ బాధ్యత నాకు అప్పజెప్పారు. నా ప్రశ్నలు: ఎన్ని వారాలు, ఏ పాఠాలు? ఒక్కొక్కరితోనా, గుంపుగానా? నేర్పేవాళ్ళని ఎలా ఎంచాలి? చదువు రానివాళ్ళకి ఎలా? షిఫ్టులవాళ్ళ సంగతేంటి? ఖర్చెంత? "ప్రార్థన చేయండి బ్రదర్" అని మాత్రం వదిలేయకండి, ప్రార్థన చేస్తూనే అడుగుతున్నా.

ఎజ్రా_సిలబస్
మా డినామినేషన్‌లో ఈ పాఠాలు రాసే కమిటీలో ఉన్నవాణ్ణి కాబట్టి సూటిగా చెప్తాను. 12 వారాలు. వరస ఇది: రక్షణ నిశ్చయత (రక్షణ పొందానన్న గట్టి నమ్మకం), ప్రార్థన, వాక్యధ్యానం, పాపపు ఒప్పుకోలు, పరిశుద్ధాత్మ, సంఘం, ప్రభువు బల్ల, కానుక, శోధన, కుటుంబం, సాక్ష్యం, ఇతరులకు అప్పగించడం. ఈ వరస మార్చొద్దు. నిశ్చయత లేనివాడికి మూడోవారమే సాక్ష్యం పాఠం పెడితే అప్పజెప్పినట్టు నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటాడు. కూడిక గంటసేపు. 10 నిమిషాలు కంఠస్థ వచనం, 35 పాఠం, 15 ప్రార్థన. పుస్తకంలో ఖాళీలు ఇంటిదగ్గరే నింపుకుని రావాలి. 12లో 10 పాఠాలు పూర్తిచేసినవాళ్ళకే సర్టిఫికెట్టు, వాళ్ళే తర్వాతి బ్యాచ్‌కి నేర్పేవాళ్ళు. రిజిస్టరు తప్పనిసరి.

తబితా_టీచర్
ఎజ్రాగారూ, ఖాళీలు నింపే పుస్తకం ఎలా నిండుతుందో కాలేజీ పిల్లల్ని అడగండి. ఒకళ్ళు నింపుతారు, వాట్సాప్‌లో ఫోటో తిరుగుతుంది, కూడిక మొదలయ్యేలోపు అందరివీ నిండిపోతాయి. జవాబులన్నీ కరెక్టే. "దేవుడు మనల్ని ______ చెను" అని ఉంటే "ప్రేమించె" అని రాయడానికి బైబిలు తెరవక్కర్లేదు కదా.

చదువు రాని అమ్మలకి పుస్తకం పూర్తిగా పక్కన పెట్టేయండి. కథ చెప్పండి. పద్ధతి ఇది. పదిహేను వచనాలు దాటని భాగం తీసుకోవాలి. మార్కు 1 చివర కుష్ఠరోగి, మార్కు 5లో రక్తస్రావమున్న స్త్రీ, లూకా 19లో జక్కయ్య బాగుంటాయి. నేర్పేవాళ్ళు నాలుగు నిమిషాల్లో కథ చెప్తారు, మధ్యలో ఒక్క ముక్క వ్యాఖ్యానం ఉండకూడదు. తర్వాత అదే భాగం ఫోన్లో ఆడియో బైబిల్ పెట్టి వినిపిస్తారు. మూడోసారి వాళ్ళలో ఒకరు తిరిగి చెప్పాలి. మిగతావాళ్ళ పని "ఏది వదిలేసింది, ఏది లేనిది కలిపింది" అని పట్టుకోవడం. ఇక్కడ నవ్వులు, వాదనలు నడుస్తాయి, నడవనివ్వండి, కథ మనసులో నాటుకునేది అప్పుడే. ఆ తర్వాతే ప్రశ్నలు: యేసు ఎలాంటివాడని తెలిసింది? మనుషుల గురించి ఏం తెలిసింది? ఈ వారం నేనేం చేయాలి? చివరిగా, ఈ కథ ఎవరికి చెప్తావో పేరు చెప్పాలి. "ఎవరో ఒకరికి" అంటే కుదరదు, "మా పక్కింటి కోడలికి" అనాలి.

దెబ్బతినే చోట్లు రెండు. మొదటిది, రోమా పత్రికతో మొదలుపెట్టడం. వాదంగా సాగే భాగాన్ని విని తిరిగి చెప్పడం చదువుకున్నవాళ్ళకే కష్టం. రెండోది, "అర్థమైందా అమ్మా?" అని అడగడం. అయిందనే అంటారు, టీచర్ని నొప్పించరు కదా. దోర్నకల్‌లో బిషప్ అజరయ్యగారు 1912 నుంచి పల్లె సంఘాలు కట్టింది చదువు రాని జనంతోనే. కీర్తనలు, భజనలు, మళ్ళీమళ్ళీ చెప్పించడం, ఇవే అప్పటి పాఠ్యపుస్తకాలు.

ఖమ్మం_అక్విల
గుంపు వద్దు, ముగ్గురు చాలు. ఇద్దరైతే ఒకరు గురువు, ఒకరు శిష్యుడు అయిపోతారు. నలుగురైతే ఒకరు మాట్లాడకుండా తప్పించుకుంటారు. ముగ్గురూ మగవాళ్ళో, ముగ్గురూ ఆడవాళ్ళో అయ్యుండాలి. వారానికోసారి 75 నిమిషాలు. మార్కు సువార్త 16 అధ్యాయాలు కాబట్టి 16 వారాలు, వారానికి ఒక్కటే అధ్యాయం, కానీ ఆ ఒక్కటీ వారంలో ఐదుసార్లు చదవాలి. కూడికలో మూడు ప్రశ్నలు: పోయినవారం చేస్తానన్నది చేశావా? ఎక్కడ పడిపోయావు? ఎవరితో చెప్పావు? 17వ వారం ముగ్గురూ విడిపోయి తలా ఇద్దరిని తీసుకోవాలి. 2 తిమోతి 2:2లో ఉన్నది ఇదే: పౌలు, తిమోతి, నమ్మకమైనవాళ్ళు, వాళ్ళు నేర్పేవాళ్ళు, మొత్తం నాలుగు తరాలు. విడిపోయే తేదీ మొదటిరోజే చెప్పాలి. చెప్పకపోతే స్నేహం ముదిరి ఎవరూ కదలరు.

మా వైపు మిర్చి కోతలు మొదలైతే సాయంత్రం కూడిక జరగదు. ఆ రెండు నెలలు తెల్లవారుజామున పెట్టుకోండి, లేదా ఆపేయండి. సగం మందితో ఈడ్చడం అన్నిటికన్నా చెడ్డది.

పాత_సంఘపెద్ద
"ఎక్కడ పడిపోయావు" అన్న ఆ రెండో ప్రశ్న ఉందే, అది సంఘాన్ని కూల్చే ప్రశ్న! గురువారం ముగ్గురి మధ్య చెప్పుకున్నది ఆదివారం ప్రసంగంలో "మన మధ్య ఒక సహోదరుడున్నాడు" అని వస్తుంది. పేరు చెప్పరు, చెప్పక్కర్లేదు కూడా, పల్లెలో అందరికీ తెలిసిపోతుంది. ఆ కుర్రాడు మళ్ళీ గుడి మెట్టెక్కడు. పాపం దేవుడి దగ్గర ఒప్పుకోమన్నారు గానీ కుర్రకారు దగ్గర కాదు.

ఖమ్మం_అక్విల
పెద్దాయనా, యాకోబు 5:16 తమరికి తెలియనిదేం కాదు. ఒకరితో ఒకరు ఒప్పుకోమని అక్కడే ఉంది.

పాత_సంఘపెద్ద
ఆ వచనానికి ముందే సంఘపెద్దల్ని పిలిపించమని ఉంది బాబూ. సగం చదివి పాఠం చెప్పకు.

కోనసీమ_సిల్వాను
సంఘపెద్దగారు చెప్పిందే నిజం. ముగ్గురు కుర్రాళ్ళు కూర్చుంటే ఎవరు ఎవరిని దిద్దుతారు? పైన ఒక ఆత్మీయ తండ్రి ఉండాలి. ఉపదేశకులు పదివేలమంది ఉన్నా తండ్రులు అనేకులు లేరని పౌలే రాశాడు, 1 కొరింథీ 4:15. పెళ్ళిచూపులైనా, ఉద్యోగం మారడమైనా తండ్రితో చెప్పి చేసే పిల్లలు నిలబడతారు.

డల్లాస్_దానియేలు
సిల్వాను బ్రదర్, ఈ దారి ఎక్కడికి వెళ్తుందో అమెరికా ఒకసారి చూసేసింది. 1970ల్లో ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఐదుగురు బోధకులు మొదలుపెట్టిన షెపర్డింగ్ ఉద్యమం సరిగ్గా ఇదే. ప్రతి విశ్వాసికీ పైన ఒక కాపరి, అతనికి పైన ఇంకొకడు. ఎక్కడ ఉండాలి, ఎవర్ని చేసుకోవాలి అన్నీ పైవాడిని అడగాలి. ఆ ఐదుగురిలో డెరెక్ ప్రిన్స్ 1980ల్లో బయటికొచ్చేశాడు. బాబ్ మంఫర్డ్ 1990 ప్రాంతంలో బహిరంగంగా క్షమాపణ అడిగాడు. వాళ్ళు చెడ్డ ఉద్దేశంతో మొదలుపెట్టలేదు, అదే భయపెట్టే సంగతి.

కోనసీమ_సిల్వాను
అమెరికాలో కూర్చుని అమెరికా కథలు చెప్తే మా గోదావరి పల్లెలకి ఏం ఉపయోగం? ఇక్కడ తాగుడు మానినవాడు పెద్దల అదుపు లేకపోతే నెలలో మళ్ళీ బెల్టుషాపు దగ్గర ఉంటాడు. మీ జూమ్ కూడికలు వాణ్ణి ఆపుతాయా?

డల్లాస్_దానియేలు
తాగుడు మానినవాడి పక్కన రోజూ సాయంత్రం నిలబడటం వేరు, వాడి పెళ్ళి ఖాయం చేయడం వేరు. రెండూ కలిపి మాట్లాడకండి. నేర్పేవాడు అడగొచ్చు, వాక్యం చూపించొచ్చు, హెచ్చరించొచ్చు. జీతం, పెళ్ళి, ఫోన్ పాస్‌వర్డు, ఈ మూడింట్లో నిర్ణయం మాత్రం అతనిది కాదు. ఇదే మొదటిరోజు ఇద్దరి ముందూ చెప్పేయాలి. మత్తయి 23:8–10 కూడా ఒకసారి చదవండి.

జూమ్ అన్నారు కాబట్టి, మాకు శనివారం రాత్రి 9 అంటే మీకు ఆదివారం పొద్దున 7:30, ఎండాకాలం టైముల్లో. నవంబరులో గడియారం మారాక మీకు 8:30 అవుతుంది. ఇండియాలో ఉన్నవాళ్ళకి ముందే చెప్పకపోతే ఆ వారం కూడిక గోవిందా.

ఎజ్రా_సిలబస్
అందుకే సిలబస్ ఉండాలనేది. సిలబస్ ఉంటే పెళ్ళిళ్ళ మాటే రాదు.

తబితా_టీచర్
కుటుంబం పాఠం పదోవారం మీరే పెట్టారు కదండీ!

రూతు_నర్సు
ముగ్గురి గుంపులో రహస్యం గురించి ఎవరూ అసలు నియమం చెప్పలేదు, పోట్లాడుకుంటున్నారు. మొదటి కూడికలోనే మూడు మాటలు అనుకోవాలి. ఒకటి, ఇక్కడ విన్నది భార్యకైనా, భర్తకైనా, పాస్టరుగారికైనా చెప్పిన మనిషి అనుమతి లేకుండా చెప్పకూడదు. రెండు, ప్రార్థన అంశంగా కూడా బయటికి తీసుకెళ్ళకూడదు. చాడీలన్నీ మన దగ్గర ప్రార్థన అంశాల వేషంలోనే తిరుగుతాయి. మూడు, రహస్యంగా ఉంచనివి ఏవో ముందే చెప్పేయాలి: చచ్చిపోతానని ఎవరైనా అంటే, ఇంట్లో ఎవరికైనా ప్రాణాపాయం ఉంటే, పసిపిల్లల మీద అఘాయిత్యం సంగతి తెలిస్తే. ఆ చివరిదానికి చట్టమే ఉంది, 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్. తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి. "సంఘంలో సర్దుకుందాం" అని పోలీసులకి చెప్పకుండా ఉండటం నేరం.

ఇంకొకటి, భర్త విశ్వాసి కాని ఇంట్లో భార్యకి సాయంత్రం 7కి కూడిక పెట్టొద్దు. ఆయన ఇంటికొచ్చే వేళకి ఈవిడ బైబిలు పట్టుకుని బయటికెళ్తే, ఇంట్లో గొడవకి మనమే కారణం. పొద్దున 11కి పెట్టండి, స్త్రీలే కూర్చోండి.

తెనాలి_తిమోతి
బాప్తిస్మం ఫోటోలు గ్రూపుల్లో పెట్టొద్దని కూడా పాఠంలో రాయండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీల్లోంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళకి ఎస్సీ హోదా ఉండదు, మన రెండు రాష్ట్రాల్లోనూ వాళ్ళు బీసీ-సి కిందికి వస్తారు. స్కాలర్‌షిప్ ఫారం నింపే పిల్లాడికి ఈ ప్రశ్న నిజాయితీ ప్రశ్నగా ఎదురవుతుంది. ఏ శిష్యత్వ పుస్తకంలోనూ దీని మీద ఒక పేజీ ఉండదు, పిల్లాడు ఒంటరిగా తేల్చుకోవాలి.

మోడరేటర్
తిమోతిగారూ, మంచి అంశం, దీనికి వేరే చర్చ తెరవండి, ఇక్కడ మొదలైతే ఆగదు. సిల్వానుగారూ, దానియేలుగారూ, ఒకరినొకరు ఊరి పేర్లతో ఎత్తిపొడుచుకోవడం ఆపండి.

మెదక్_మెథడిస్టు
రిజిస్టరు గురించి ఒక మాట. మా మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ నడిపిన క్లాసులు (చిన్న గుంపులు) 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పుట్టింది శిష్యత్వం కోసం కాదు, గుడి కట్టిన అప్పు తీర్చడానికి. పన్నెండుమందికి ఒకరిని పెట్టి, వారానికి ఒక పెన్నీ వసూలు చేయమన్నారు. వసూలుకి ఇల్లిల్లూ తిరిగిన నాయకులకి ఎవరింట్లో తాగుడుందో, ఎవరు ప్రార్థన మానేశారో తెలిసింది. అక్కణ్ణుంచే అది ఆత్మల్ని కాచే పనిగా మారింది. మూడు నెలలకోసారి టికెట్టు ఇచ్చేవారు. తర్వాత కాలంలో టికెట్టు మిగిలింది, ఇంటికెళ్ళడం పోయింది. ఎజ్రాగారి సర్టిఫికెట్టుకీ ఆ గతే పడుతుంది. హాజరు గుర్తు పెట్టుకోవాల్సింది రానివాడింటికి బుధవారంలోపు వెళ్ళడానికి.

ఎజ్రా_సిలబస్
రిజిస్టరు లేకపోతే ఎవరు రాలేదో ఎలా తెలుస్తుంది సార్? వెళ్ళేది దాన్ని చూసే కదా.

మెదక్_మెథడిస్టు
ముగ్గురిలో ఒకడు రాకపోతే తెలియడానికి రిజిస్టరు కావాలా?

పాత_సంఘపెద్ద
నర్సమ్మ చెప్పిన మూడు నియమాలు పాటిస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ నేర్పేవాళ్ళ ఎంపిక మాట ఎవరూ ఎత్తడం లేదు. బాగా మాట్లాడేవాణ్ణి, బాగా పాడేవాణ్ణి ఎంచొద్దు. స్టేజీ వాణ్ణి చెడగొడుతుంది. ముందు చిన్న పని ఇచ్చి చూడండి: కుర్చీలు సర్దడం, జబ్బుపడ్డవాళ్ళకి ఫోన్ చేయడం. చెప్పిన రోజుకి చేశాడా, చేయకపోతే వచ్చి చెప్పాడా? రెండో సంగతి మొదటిదానికన్నా ముఖ్యం. తప్పు చూపిస్తే మొహం ముడుచుకునేవాణ్ణి ఇంకో సంవత్సరం ఆపండి. ఇంట్లో భార్యనీ అడగండి, అతని ముందు కాదు.

ఖమ్మం_అక్విల
ఈ ఒక్క విషయంలో పెద్దాయనతో పూర్తిగా ఏకీభవిస్తున్నా. దీనికి ఒకటి కలపండి: నేర్పడం ఒక్కసారిగా అప్పజెప్పొద్దు. మొదటి నాలుగు వారాలు మీరు నడపండి, అతను చూస్తాడు. తర్వాతి నాలుగు సగం సగం. తొమ్మిదోవారం నుంచి అతనే నడుపుతాడు, మీరు నోరు మూసుకుని కూర్చోవాలి. కూర్చోలేరు, అదే అసలు పరీక్ష. అతను తడబడినప్పుడు మీరు అందుకుంటే మిగతా ఇద్దరూ ఆ రోజు నుంచి మీ మొహమే చూస్తారు.

బెరయ_విద్యార్థి
అందరికీ కృతజ్ఞతలు. అమ్మలకి కథలు, పిల్లలకి ముగ్గురి గుంపులు, రూతక్క నియమాలు రాసుకున్నా. షిఫ్టులవాళ్ళ సంగతి, ఖర్చు సంగతి ఎవరూ ముట్టుకోలేదు.

రూతు_నర్సు
షిఫ్టులవాళ్ళకి వారం రోజు ఖాయం చేయకండి తమ్ముడూ. నైట్ డ్యూటీ దిగి నిద్రలేచిన సాయంత్రం అని ఖాయం చేయండి. రోస్టరు వచ్చిన రోజే ముగ్గురూ నెలకి తేదీలు రాసుకోవాలి. కలవలేని వారం మూడు నిమిషాల వాయిస్ మెసేజ్ చాలు, అందులో ఆ అధ్యాయం నుంచి ఒక్క వచనం, తను చేసిన ఒక్క పని చెప్పాలి. రెండు వారాలు వరసగా వాయిస్ మెసేజ్ మీద నడిస్తే మూడోవారం డ్యూటీ గేటు దగ్గరకే వెళ్ళి టీ తాగి రండి.

తబితా_టీచర్
ఖర్చా? ఆ టీయే. పిల్లలకి తలా ఒక గీతల నోటుబుక్కు కొనివ్వండి, ఎడమ పేజీలో వచనం, కుడి పేజీలో "ఈ వారం నేను" అని తేదీతో సహా. అచ్చు పుస్తకాలు కొనమని ఎవరైనా లింకు పంపితే అమ్మేది వాళ్ళేనేమో ఒకసారి చూసుకోండి.

ఎజ్రా_సిలబస్
మా పుస్తకం లాభానికి అమ్మడం లేదు, ముద్రణ ఖర్చుకే ఇస్తున్నాం. కావాలంటే ఇన్‌బాక్స్ చేయండి.