డాబా మీద ఒకే యాంటెన్నాతో 40, 20, 15 మీటర్ల హామ్ రేడియో బ్యాండ్లు: ఏది కట్టమంటారు?

గోదారి_గట్టు:
అందరికీ నమస్కారం. హామ్ లైసెన్స్ వచ్చి నాలుగు నెలలైంది, షియేగు జీ90 రేడియో కొన్నాను, 20 వాట్లు, లోపలే ట్యూనర్ (యాంటెన్నాని రేడియోకి సరిపెట్టేది) ఉంది. మాది రాజమండ్రిలో కింద ఒకటి పైన ఒకటి, డాబా 18 మీటర్ల పొడవు, 12 వెడల్పు. డాబా మీద మెట్ల గది తప్ప ఎత్తయినది ఏమీ లేదు, వీధి వైపు 11 కేవీ లైను వెళ్తుంది. 49:1 ట్రాన్స్‌ఫార్మర్‌తో ఎండ్ ఫెడ్ (ఒక చివర నుంచి పవర్ ఇచ్చే తీగ) కట్టేద్దామని దానికి ఫెరైట్ కోర్ కూడా తెప్పించాక ఒకాయన జీ5ఆర్వీ అనే తీగ యాంటెన్నా కట్టు, ట్యూనర్ లేకుండా అన్ని బ్యాండ్లూ వస్తాయన్నారు, ఇంకొకాయన 9:1 ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఎంత తీగ ఉంటే అంత లాగెయ్యమన్నారు. ఇప్పుడు బుర్ర పనిచెయ్యడం లేదు. పొద్దున పూట 40లో మనవాళ్లతో మాట్లాడాలి, సాయంత్రం 20లో దూరం వెళ్లాలి, నా ఆశ ఇంతే.

పాత_వాల్వు:
బాబూ, ముందు జీ5ఆర్వీ సంగతి తేల్చేద్దాం. లూయీ వార్నీ అనే హామ్ 1946లో దాన్ని 20 మీటర్ల బ్యాండ్ కోసం వేసుకున్నాడు, పొడవు 31 మీటర్లు, కింద మరో 10 మీటర్ల నిచ్చెన లైను (నిచ్చెనలా ఉండే రెండు తీగల ఫీడరు) వేలాడాలి. నీ డాబాకి అది పట్టదు, పట్టినా చాలా బ్యాండ్లలో ట్యూనర్ కావాలి, "అన్నీ వస్తాయి" అన్నాయన ఎప్పుడూ కట్టి ఉండడు. 9:1 కూడా వద్దంటాను. ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె, ఒకటైతే ఏమీ రానట్టు) బాగుంది కదా అని మురిసిపోతారు, పవర్‌ని వేడి చేసేసే డమ్మీ లోడ్‌కి కూడా ఎస్‌డబ్ల్యూఆర్ ఒకటే వస్తుంది మరి, దాంతో ఎవరితో మాట్లాడతాం?

నేనైతే ఫ్యాన్ డైపోల్ కడతాను, డైపోల్ అంటే మధ్యలో పవర్ ఇచ్చే తీగ. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లలో పొడవు వస్తుంది: 7.1కి (40 బ్యాండ్) 20.1, 14.15కి (20 బ్యాండ్) 10.1. రెండు డైపోల్స్‌నీ ఒకే మధ్య బిందువుకి కట్టు, 15కి వేరే తీగ అక్కర్లేదు, ఆ బ్యాండ్ ఉండే 21 మెగాహెర్ట్జ్ అంటే మూడు ఏడులు కాబట్టి 40 తీగే అక్కడా పనిచేస్తుంది, కాకపోతే బ్యాండ్‌కి కాస్త పైన కూర్చుంటుంది, ఆ తేడా నీ ట్యూనర్ చూసుకుంటుంది. డాబాని మూల నుంచి మూలకి కొలువు, 21 మీటర్ల పైచిలుకు ఉంటుంది. మెట్ల గది మీద ఒక గొట్టం నిలబెట్టి ఇన్వర్టెడ్ వీ (తలకిందుల వీ) లాగా దించితే హాయిగా సరిపోతుంది. చివరలు పిట్టగోడకి ఆనించకు, స్లాబులో ఇనుము ఉంది, నైలాన్ తాడుతో ఎత్తుగా ఆపు. ఏ తీగా తెగిపడినా 11 కేవీ వైపు పడకూడదు, అంత దూరం వదులు, ఇందులో బేరం లేదు.

కోతి_బాధితుడు:
గురువుగారూ, ఎండ్ ఫెడ్‌ని మరీ తీసెయ్యకండి. మా అపార్ట్‌మెంట్‌లో మధ్యలో గొట్టం పెట్టనివ్వరు, నాకు అదే దిక్కు. 20.2 మీటర్ల తీగ, ట్రాన్స్‌ఫార్మర్‌కి 2 చుట్లకి 14 చుట్లు, 40, 20, 15, 10 నాలుగూ నడుస్తున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్‌లో కొంత పవర్ వేడి కింద పోతుంది, నిజమే. అంతకన్నా పెద్ద తలనొప్పి గోల: తీగ మొదలు ఇంటి పక్కనే ఉండడంతో ఎల్ఈడీ బల్బులూ ఇన్వర్టరూ వాటి గోల అంతా కోయాక్స్ కేబుల్ లోహపు పైతొడుగు మీదుగా రేడియోలోకి వచ్చేది. ఫెరైట్ రింగ్ మీద కోయాక్స్ ఓ పన్నెండు చుట్లు చుట్టి చోక్ (ఆ గోలని ఆపేది) చేశాక బాగా తగ్గింది. గోదారి తమ్ముడూ, నీకు మధ్యలో గొట్టం పెట్టే వీలుంది కాబట్టి డైపోలే కట్టు, చోక్ మాత్రం దానికీ పెట్టు. తీగ సన్నగా ఉంటే కోతులు ఊయల ఊగుతాయి, సంక్రాంతికి గాలిపటాల మాంజా సంగతి సరేసరి.

గోదారి_గట్టు:
ఆదివారం కట్టేశాను. ఇంటి వైరింగు 1.5 చదరపు మి.మీ. తీగ, మెట్ల గది మీద 3 మీటర్ల గొట్టం. ముందుజాగ్రత్తగా 20.6 మీటర్లు కోస్తే నానోవీఎన్‌ఏలో (యాంటెన్నాని కొలిచే చిన్న పరికరం) 6.8 మెగాహెర్ట్జ్ దగ్గర చూపించింది, గుండె జారింది.

పాత_వాల్వు:
పీవీసీ తొడుగున్న తీగ కదా, పొడవు ఎక్కువున్నట్టు ప్రవర్తిస్తుంది, పైగా వీ ఆకారం. కొయ్యకు, చివర వెనక్కి మడిచి చుట్టు, ఒక్కో పక్క 45 సెంటీమీటర్లు. ముందు 40 సరిచేశాకే 20 ముట్టుకో, ఒకటి కదిపితే రెండోది కదులుతుంది. రెండు తీగల చివరల మధ్య జానెడు కాదు, కనీసం మూరెడు ఎడం ఉండాలి.

గోదారి_గట్టు:
మడిచాను గురువుగారూ, 7.09కి వచ్చింది. ఈ రోజు పొద్దున ఏడింటికి హైదరాబాద్, బెంగళూరు స్టేషన్లు రెండూ నా పిలుపుకి పలికాయి. 20 రేపు సరిచేస్తాను. 49:1 కోర్ మిగిలిపోయింది, దాన్ని చోక్‌కి వాడొచ్చా?

కోతి_బాధితుడు:
43 రకం ఫెరైట్ అయితే నిక్షేపంగా వాడు. 73 (మన హామ్‌ల భాషలో శుభాకాంక్షలు).